శిలాఫలకం మీద ఎవరి పేరు ముందు? వేదిక మీద ఎవరు ఎక్కడ?

మీ ప్రశ్నను ఒకసారి నా మాటల్లో చెప్పుకుంటాను. మండల కేంద్రంలో కొత్త పీహెచ్‌సీ (ప్రాథమిక ఆరోగ్య కేంద్రం) భవనం ప్రారంభోత్సవం. మంత్రిగారు వస్తున్నారు. ఎంపీ ఒక పార్టీ, స్థానిక ఎమ్మెల్యే ఇంకో పార్టీ. ఇద్దరు ఎమ్మెల్సీలు, జడ్పీ చైర్‌పర్సన్, ఎంపీపీ, సర్పంచ్ ఉన్నారు. వీళ్ళు కాక, అధికార పార్టీ నుంచి పోటీ చేసి ఓడిపోయిన నియోజకవర్గ ఇన్‌ఛార్జి తన పేరు కూడా రాతి మీద ఉండాలని కబురు పంపారు. మీరు కొత్తగా చేరిన ఎంపీడీవో. పేర్లు ఏ వరసలో చెక్కించాలి, ఎవరిని ఎక్కడ కూర్చోబెట్టాలి, రేపు పేపర్లో ‘ప్రోటోకాల్ రగడ’ అని రాకుండా ఉండాలంటే ఏం చేయాలి అన్నది మీ టెన్షన్.

ముందు సూటిగా జవాబు. ప్రారంభించేది మంత్రి, సభకు అధ్యక్షత స్థానిక ఎమ్మెల్యేది, ఆయన ఏ పార్టీ అయినా సరే. ముఖ్య అతిథుల్లో మొదటి పేరు ఎంపీది. తర్వాత జడ్పీ చైర్‌పర్సన్, ఎమ్మెల్సీలు, ఆ తర్వాత ఎంపీపీ, సర్పంచ్. అన్నిటికంటే కింద కలెక్టర్, డీఎంహెచ్‌వో (జిల్లా వైద్య ఆరోగ్య అధికారి), ఇంజినీర్ల పేర్లు. ఇన్‌ఛార్జిగారి పేరు రాతి మీద ఉండదు. ఇంకో మాట, ఇది వైద్య ఆరోగ్య శాఖ కార్యక్రమం. జాబితా ఖరారు చేయాల్సింది మీరు కాదు, డీఎంహెచ్‌వో పెట్టిన నోట్ మీద కలెక్టర్‌గారు. మీ చేతికి సంతకం పడిన జాబితా వచ్చేదాకా రాయి చెక్కేవాడికి ఒక్క అక్షరం కూడా ఇవ్వకండి.

నేను రెవెన్యూలో పనిచేసి, అందులో చాలా ఏళ్ళు కలెక్టరేట్ ప్రోటోకాల్ సెక్షన్‌లోనే గడిపి రిటైరయ్యాను. ఇక్కడ చెప్పేది కొంత రూల్, కొంత వాడుక. ఏది రూలో ఏది వాడుకో విడివిడిగా చెబుతాను, ఎందుకంటే గొడవలు ఎక్కువగా వచ్చేది ఆ రెండిటినీ కలిపేసుకున్నప్పుడే.

రూల్ అంటే రాష్ట్రపతి సచివాలయం 1979 జూలై 26న ఇచ్చిన నోటిఫికేషన్. దాన్నే వారంట్ ఆఫ్ ప్రిసిడెన్స్ అంటాం. తర్వాత సవరణలు జరిగాయి కానీ అస్థిపంజరం అదే. మొత్తం 26 మెట్లు. రాష్ట్రపతి ఒకటి, ఉపరాష్ట్రపతి రెండు, ప్రధాని మూడు. నాలుగో మెట్టు గవర్నర్‌ది, అయితే తన రాష్ట్రంలో ఉన్నప్పుడు మాత్రమే. ఆరులో భారత ప్రధాన న్యాయమూర్తి, లోక్‌సభ స్పీకర్. ఏడులో కేంద్ర కేబినెట్ మంత్రులు, తమ రాష్ట్రంలో ఉన్న ముఖ్యమంత్రులు, మాజీ ప్రధానులు, పార్లమెంటులో ప్రతిపక్ష నాయకులు. పదిలో ఉప ముఖ్యమంత్రులు, కేంద్ర సహాయ మంత్రులు. పద్నాలుగులో శాసనసభ స్పీకర్, మండలి చైర్మన్, హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి. పదిహేనులో రాష్ట్ర కేబినెట్ మంత్రులు. పదిహేడులో హైకోర్టు న్యాయమూర్తులు. పద్దెనిమిదిలో డిప్యూటీ స్పీకర్, మండలి డిప్యూటీ చైర్మన్, రాష్ట్ర సహాయ మంత్రులు. ఇరవై ఒకటిలో ఎంపీలు. ఇరవై మూడులో రాష్ట్ర ప్రభుత్వ ప్రధాన కార్యదర్శి, కేంద్ర ప్రభుత్వ కార్యదర్శులు. ఇరవై ఆరుకి కేంద్ర జాయింట్ సెక్రటరీలు, మేజర్ జనరల్ హోదా అధికారులతో అయిపోతుంది.

ఈ పట్టిక కింద నోట్లు ఉంటాయి. పట్టికను ఫోన్లో దాచుకున్నవాళ్ళలో చాలామంది నోట్లు చదవరు. మొదటి నోట్ చెప్పేదేమిటంటే, ఈ వరస ప్రభుత్వ లాంఛనాలకు, ఉత్సవాలకు మాత్రమే, రోజువారీ పాలనా వ్యవహారాలకు దీనితో సంబంధం లేదు. అంటే ఎంపీగారు చీఫ్ సెక్రటరీ కంటే రెండు మెట్లు పైన ఉన్నారు కాబట్టి చీఫ్ సెక్రటరీకి ఆదేశాలు ఇవ్వొచ్చని కాదు. కుర్చీ ముందు వరసలో పడుతుంది, ఫైల్ మాత్రం దాని దారిన అది వెళ్తుంది. రెండో నోట్ ప్రకారం, ఒకే మెట్టు మీద ఇద్దరుంటే ఎవరు ముందుగా ఆ మెట్టుకి వచ్చారో వాళ్ళు ముందు. ఒకే రోజు ప్రమాణం చేసిన ఇద్దరు మంత్రులు ఒకే వేదిక మీదికి వస్తే సాధారణ పరిపాలన శాఖ దగ్గర ఉండే మంత్రివర్గ వరసే ఆధారం. వయసు, ఎన్నిసార్లు గెలిచారు, ఏ శాఖ పెద్దది అన్నవి లెక్కలోకి రావు.

ఈ పట్టికని నిదానంగా చదివితే మనవాళ్ళు మామూలుగా అనుకునేదానికి విరుద్ధంగా ఉండే సంగతులు కొన్ని కనిపిస్తాయి. కేంద్ర సహాయ మంత్రి మన జిల్లా వాడే, నిన్నమొన్నటిదాకా మామూలు ఎంపీ అయినా, రాష్ట్ర కేబినెట్ మంత్రి కంటే ఐదు మెట్లు పైన. కేంద్ర కేబినెట్ మంత్రీ ముఖ్యమంత్రీ ఒకే మెట్టు, కానీ ఆ రాష్ట్రంలో జరిగే అధికారిక కార్యక్రమంలో ముఖ్యమంత్రి ముందు. ఇది నోట్‌లో విడిగా రాసే ఉంది. స్పీకర్ పద్నాలుగు, మంత్రి పదిహేను. ఆంధ్రప్రదేశ్‌లో ఇప్పుడు స్పీకర్ చింతకాయల అయ్యన్నపాత్రుడుగారిది నర్సీపట్నం, తెలంగాణ స్పీకర్ గడ్డం ప్రసాద్ కుమార్‌గారిది వికారాబాద్. ఆ నియోజకవర్గాల్లో జరిగే ప్రభుత్వ కార్యక్రమానికి మంత్రి వెళ్ళినా మధ్య కుర్చీ స్పీకర్‌దే. స్థానిక ఎమ్మెల్యే కదా, అధ్యక్షత ఇస్తే సరిపోతుందిలే అనుకుని పేరు కింద వేస్తే తప్పు.

ఉప ముఖ్యమంత్రి సంగతి ఇంకా చిత్రం. రాజ్యాంగంలో ఆ పదవి లేదు, ప్రమాణం మంత్రిగానే చేస్తారు. ఈ పట్టికలో మాత్రం పదో మెట్టు, అంటే మామూలు మంత్రి కంటే ఐదు మెట్లు పైన. 2019-24 మధ్య ఆంధ్రప్రదేశ్‌లో ఒకేసారి ఐదుగురు ఉప ముఖ్యమంత్రులు ఉండేవారు. ఇద్దరు ఒకే జిల్లాకి వచ్చిన రోజున ప్రోటోకాల్ సెక్షన్ పడే అవస్థ పగవాడికి కూడా వద్దు.

ఇక పట్టికలో లేనివాళ్ళు. మాజీ ప్రధానికి స్థానం ఉంది, మాజీ రాష్ట్రపతికి ఉంది, మాజీ ముఖ్యమంత్రికి లేదు. మాజీ మంత్రికి, మాజీ ఎమ్మెల్యేకి లేదు. భారతరత్న గ్రహీతకి ఉంది, పద్మ పురస్కారాలకి లేదు. పార్టీ అధ్యక్షులకి లేదు. ఓడిన అభ్యర్థికి, నియోజకవర్గ ఇన్‌ఛార్జికి అసలే లేదు.

కొంతమంది ఉలిక్కిపడే సంగతి: కేంద్రం పట్టికలో ఎమ్మెల్యే, ఎమ్మెల్సీ కూడా లేరు. కలెక్టర్ లేడు, ఎస్పీ లేడు, జిల్లా జడ్జి లేడు, మేయర్ లేడు. కేంద్రం వరస ఎంపీల దగ్గర, పైస్థాయి అధికారుల దగ్గర ఆగిపోతుంది. ఆ కింద జిల్లాలో నడిచేదంతా రాష్ట్ర ప్రభుత్వం సాధారణ పరిపాలన (పొలిటికల్) శాఖ నుంచి ఇచ్చే ఉత్తర్వులు, సర్క్యులర్లు, వాటి మీద జిల్లాల్లో స్థిరపడిన వాడుక. నేను పైన జడ్పీ చైర్‌పర్సన్‌ని ఎమ్మెల్సీల కంటే ముందు వేశాను. మా జిల్లాలో అలాగే వేసేవాళ్ళం. పక్క జిల్లాలో ఎమ్మెల్సీలను ముందు వేసిన శిలాఫలకాలు కూడా చూశాను. కాబట్టి మీ కలెక్టరేట్ ప్రోటోకాల్ సెక్షన్‌కి వెళ్ళి అమల్లో ఉన్న సర్క్యులర్ కాపీ తెచ్చుకోండి. దాంతోపాటు గత ఏడాదిలో మీ జిల్లాలో మంత్రులు ప్రారంభించిన మూడు నాలుగు భవనాల శిలాఫలకాల ఫోటోలు తెప్పించుకోండి. “నిరుడు ఫలానా హాస్టల్ దగ్గర ఇలాగే వేశాం సార్” అన్న ఒక్క మాట సర్క్యులర్ నంబర్ కంటే బాగా పనిచేస్తుంది.

ఎమ్మెల్యేకి అధ్యక్షత ఇవ్వడం మన దగ్గర చాలాకాలంగా వస్తున్న వాడుక, నా ఉద్దేశంలో చాలా తెలివైన వాడుక కూడా. మంత్రి, ఎంపీ ఉన్నచోట పదవీ వరసలో ఎమ్మెల్యే పేరు కిందికి పోతుంది. కానీ ఆ నియోజకవర్గంలో రేపు రోడ్డు బాగాలేకపోతే జనం పట్టుకునేది ఆయన్నే. అందుకని వరసతో సంబంధం లేని ఒక గౌరవం సృష్టించారు. శిలాఫలకం మీద ప్రారంభించినవారి పేరు తర్వాత రెండో పంక్తిలో ‘సభాధ్యక్షులు’ అని ఆయన పేరు వస్తుంది. ముఖ్య అతిథులు, గౌరవ అతిథులు, విశిష్ట అతిథులు, ఆత్మీయ అతిథులు అని ఆహ్వాన పత్రికలో మనం రాసే తరగతులన్నీ ఇలా పుట్టినవే. వాటికి రూల్ పుస్తకంలో అర్థం లేదు. ఒకే పంక్తిలో పట్టని అహాలను నాలుగు పంక్తుల్లో సర్దడానికి పనికొస్తాయి. సిగ్గుపడకుండా వాడుకోండి.

ఇప్పుడు మీ అసలు తలనొప్పి, ఇన్‌ఛార్జిగారు. ఇది రెండు రాష్ట్రాల్లోనూ ఉంది, ఏ పార్టీ అధికారంలో ఉన్నా ఉంది. పార్టీలు మారతాయి, సమస్య మారదు. నేను చేసే పని ఇది. కాదనే మాట నేను చెప్పను, కాగితంతో చెప్పిస్తాను. జాబితా కలెక్టర్ సంతకంతో మంత్రిగారి పీఎస్‌కి, అంటే ప్రైవేట్ సెక్రటరీకి వెళ్తుంది. అక్కడి నుంచి ‘ఫలానావారి పేరు చేర్చండి’ అని ఫోన్ వస్తే, “తప్పకుండా సార్, ఒక్క లైన్ రాసి పంపండి, ఫైల్‌లో పెట్టి కలెక్టర్‌గారికి చూపిస్తాను” అంటాను. ఆ లైన్ ఎప్పుడూ రాలేదు. ఎందుకు రాదో ఆ పీఎస్‌కీ తెలుసు, నాకూ తెలుసు. ఆ కాగితం ఎమ్మెల్యే చేతికి దొరికితే సభాహక్కుల ఉల్లంఘన నోటీసు దాకా పోతుంది.

అలాగని ఇన్‌ఛార్జిని అవమానించాల్సిన పని లేదు. ముందు వరసలో సోఫా వేసి కూర్చోబెట్టండి. మంత్రిగారు మైకులో పేరు పెట్టి పిలిచి వేదిక మీదికి రమ్మంటే అది మంత్రిగారి ఇష్టం, మీరు అడ్డుపడలేరు, అడ్డుపడకండి కూడా. అప్పుడు అటెండర్ చేత వేదిక చివర ఒక కుర్చీ వేయించండి. కానీ మీరు తయారుచేసిన కాగితంలో, మీరు పెట్టిన నేమ్‌ప్లేట్లలో ఆయన పేరు ఉండకూడదు. రేపు విచారణ వస్తే చూసేది వాటినే. ఒకసారి ఇలాగే పిలిపించుకుని పైకెక్కిన నాయకుడు ఎమ్మెల్యే కుర్చీలోనే కూర్చున్నారు, ఎమ్మెల్యేగారు అప్పుడే కారు దిగుతున్నారు. మా డీఆర్‌వో (జిల్లా రెవెన్యూ అధికారి) గారు ఏమీ మాట్లాడకుండా ఒక బొకే తెచ్చి ఆ నాయకుడి చేతికిచ్చి, “సార్, మంత్రిగారికి మీరే ఇవ్వాలి” అన్నారు. ఆయన లేచి రెండు అడుగులు వేసేలోగా వెనక అటెండర్ కుర్చీ మార్చేశాడు. అలాంటి అటెండర్ దొరికితే వదులుకోకండి.

‘కేబినెట్ హోదా’ ఉన్న సలహాదారులు, కార్పొరేషన్ చైర్మన్ల గురించి మీరు అడగలేదు కానీ తప్పకుండా ఎదురవుతుంది. జీవోలో కేబినెట్ హోదా అని రాసేది ప్రధానంగా జీతం, కారు, బంగళా, సిబ్బంది కోసం. పదిహేనో మెట్టు మీద రాసి ఉన్నది రాష్ట్ర కేబినెట్ మంత్రులు అని. హోదా ఉన్నంత మాత్రాన ఆయన మంత్రి అయిపోడు. నేను వాళ్ళను మంత్రులందరూ అయిపోయాక వేసేవాణ్ణి. జీవోలో ప్రోటోకాల్ గురించి విడిగా ఏమైనా ఉంటే దాని ప్రకారం పోవాలి, కాబట్టి జీవో చదవకుండా వాదనకి దిగొద్దు.

సరిహద్దు జిల్లాల్లో ఉన్నవాళ్ళు ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి. పట్టికలో ‘తమ రాష్ట్రంలో’ అన్న మాట పదేపదే వస్తుంది. గవర్నర్ తన రాష్ట్రంలో నాలుగు, బయట ఎనిమిది. ముఖ్యమంత్రి తన రాష్ట్రంలో ఏడు, బయట ఎనిమిది. మంత్రి తన రాష్ట్రంలో పదిహేను, బయట పద్దెనిమిది. ఉమ్మడి రాష్ట్రంలో ఈ బాధ లేదు. ఇప్పుడు నాగార్జున సాగర్ ఒక గట్టు నుంచి ఇంకో గట్టుకి వస్తే మంత్రిగారు మూడు మెట్లు దిగుతారు. తెలంగాణ మంత్రి తిరుమల వచ్చినా, ఆంధ్ర మంత్రి భద్రాచలం వెళ్ళినా అంతే. మర్యాదలో లోటు చేయమని కాదు, ఇద్దరూ ఒకే వేదిక మీద ఉంటే ఆ రాష్ట్రం మంత్రి ముందు అని.

కుర్చీల లెక్కకి వద్దాం. మధ్యలో అందరికంటే పెద్ద హోదా, రెండో వారు ఆయనకి కుడివైపు, మూడో వారు ఎడమవైపు, నాలుగో వారు మళ్ళీ కుడి, ఇలా బయటికి. కుడి అంటే కూర్చున్నవారి కుడి. జనం వైపు నుంచి చూస్తే అది ఎడమ. వేదిక వేసే టెంట్‌హౌస్ కుర్రాళ్ళు జనం వైపు నిలబడి సర్దుతారు కాబట్టి సరిగ్గా ఇక్కడే తిరగబడుతుంది. నేనైతే వేదిక ఎక్కి, మధ్య కుర్చీలో ఒకసారి కూర్చుని, అక్కడి నుంచి నేమ్‌ప్లేట్లు పెట్టించేవాణ్ణి. నేమ్‌ప్లేట్ రెండు వైపులా ముద్రించాలి. అతిథికి తన పేరు కనపడకపోతే ఏ కుర్చీలోనైనా కూర్చుంటారు, ఒకరు తప్పు కూర్చుంటే మిగతా వరసంతా జరుగుతుంది. గాలికి ఎగిరిపోకుండా కింద బరువు ఉన్నవి చేయించండి. కుర్చీలు బేసి సంఖ్యలో ఉండేలా చూసుకోండి. సరి సంఖ్య తప్పకపోతే మధ్య రెండిట్లో కుడి కుర్చీ పెద్దది.

మీ వేదికకి వేసి చూపిస్తాను. అందరూ కలిసి పదిమంది, అంటే సరి సంఖ్య, కాబట్టి మధ్య రెండిట్లో కుడి కుర్చీ మంత్రిది. ఆయన కుడిపక్క ఎంపీ. ఎడమపక్క సభాధ్యక్షులుగా ఎమ్మెల్యే. ఎంపీ పక్కన జడ్పీ చైర్‌పర్సన్, ఎమ్మెల్యే పక్కన సీనియర్ ఎమ్మెల్సీ. జడ్పీ చైర్‌పర్సన్ పక్కన రెండో ఎమ్మెల్సీ, సీనియర్ ఎమ్మెల్సీ పక్కన ఎంపీపీ, సర్పంచ్. రెండు కొసల్లో ఒకవైపు కలెక్టర్, ఇంకోవైపు డీఎంహెచ్‌వో. కలెక్టర్‌ని కొసన వేయడం ఏంటి అని కొంతమంది కొత్త అధికారులు నొచ్చుకుంటారు. ఆ వేదిక మీద కలెక్టర్ అతిథి కాదు, ఆతిథ్యం ఇస్తున్నవారు. ఆయన కుర్చీ మెట్ల దగ్గరే ఉండాలి, ఎందుకంటే ప్రతి ఐదు నిమిషాలకీ లేవాల్సింది ఆయనే.

మాటల వరస కుర్చీల వరసకి తిరగేసి. మాట్లాడేటప్పుడు చిన్న హోదా ముందు, పెద్ద హోదా చివర. సంబోధనలో మాత్రం పెద్ద నుంచి చిన్నకి. శాలువాలు, మొక్కలు ఇవ్వడం కూడా పెద్ద నుంచే. మంత్రిగారికి వేరే ఊళ్ళో కార్యక్రమం ఉండి మధ్యలో వెళ్ళిపోవాల్సి వస్తే ముందే ఎమ్మెల్యేకి, ఎంపీకి చెప్పి మాటల వరస మార్చండి. చెప్పకుండా మారిస్తే అదొక కథ. యాంకర్‌గా టీచర్‌ని పెడుతుంటారు, మంచిదే. కానీ సంబోధన పేర్లు, హోదాలు టైప్ చేసి ఇవ్వండి. ‘గౌరవనీయులు’ ఒకరికి వాడి ఇంకొకరికి వాడకపోయినా పట్టుకునేవాళ్ళు ఉంటారు.

రాయి దగ్గర ఎక్కువ జాగ్రత్త కావాలి, ఎందుకంటే కుర్చీ మారుతుంది, ఫ్లెక్సీ చింపేయొచ్చు, నల్ల గ్రానైట్ మీద చెక్కింది మాత్రం భవనం ఉన్నంతకాలం ఉంటుంది. మామూలు నమూనా మీకు తెలిసే ఉంటుంది: పైన రాష్ట్ర చిహ్నం, భవనం పేరు, ఏ నిధులతో ఎంత అంచనా విలువతో కట్టారు, తేదీ, ‘గౌరవనీయులు శ్రీ ఫలానా, వైద్య ఆరోగ్య శాఖామాత్యులు వారి దివ్య కరకమలములచే ప్రారంభోత్సవము గావించబడినది’, తర్వాత సభాధ్యక్షులు, ముఖ్య అతిథులు. అక్షరాల సైజు ప్రారంభించేవారిది పెద్దది, మిగతా అందరిదీ ఒక్కటే. ముఖ్య అతిథుల్లో ఒకరికి పెద్దగా, ఒకరికి చిన్నగా చెక్కారని రాయి పక్కన నిలబడి చేత్తో కొలిచి చూపించినవాళ్ళు నాకు తెలుసు. ఇంటిపేరు ముందా వెనకా, పొడి అక్షరాలెన్ని, డాక్టర్ అని ఉండాలా, ఇవన్నీ ప్రతి ఒక్కరి పీఏకి ప్రూఫ్ వాట్సాప్ చేసి ‘ఓకే’ అని తిరుగు మెసేజ్ తెప్పించుకుని స్క్రీన్‌షాట్ ఫైల్‌లో పెట్టండి. తేదీ చివర్లో చెక్కించండి. మంత్రుల తేదీలు మారినంతగా ఏవీ మారవు.

ఇంత చెప్పాక ఒక నిజం. నేను చూసిన గొడవల్లో సగానికి పైగా వరస వల్ల వచ్చినవి కాదు. పిలవకపోవడం వల్ల, ఆలస్యంగా పిలవడం వల్ల వచ్చినవి. ఆ ఉదయమే వాట్సాప్‌లో కార్డు ఫోటో పంపి ‘మీరు తప్పక రావలెను’ అంటే ఎవరికైనా కడుపు మండుతుంది. కేంద్ర సిబ్బంది వ్యవహారాల శాఖ 2011 డిసెంబర్ 1న ఇచ్చిన ఉత్తర్వులో ఎంపీలను తమ నియోజకవర్గంలో జరిగే ప్రభుత్వ కార్యక్రమాలకు తప్పనిసరిగా పిలవాలని, వేదిక మీద సరైన కుర్చీ ఇవ్వాలని, వస్తామని చెప్పినవారి పేరు ఆహ్వాన పత్రికలో ఉండాలని స్పష్టంగా ఉంది. ఎంపీ నియోజకవర్గం రెండు జిల్లాల్లో పరుచుకుని ఉంటే రెండు జిల్లాల్లోనూ పిలవాలని కూడా ఉంది. జిల్లాలు చిన్నవయ్యాక మన దగ్గర ఇది బాగా తప్పుతోంది. వేరే పార్టీ ఎంపీ ఎలాగూ రాడులే అని మానేయకండి. కార్డు ఇంటికి పంపండి, ముట్టినట్టు సంతకం తీసుకోండి, ముందురోజు ఫోన్ చేయండి. రాకపోయినా ఆయన కుర్చీ, నేమ్‌ప్లేట్ వేదిక మీద పెట్టే ఉంచండి. సభ మొదలై చాలాసేపయ్యాక కూడా రాకపోతే అప్పుడు తీయించి సర్దుకోవచ్చు.

మహిళా సర్పంచ్, ఎంపీపీల విషయంలో మాత్రం మెత్తబడకండి. నేమ్‌ప్లేట్ ఆమెది, కుర్చీ ఆమెది, శాలువా ఆమెకి. భర్తగారు వచ్చి “ఆమె మాట్లాడదు సార్, నేను కూర్చుంటా” అంటే, “ముందు వరసలో మీకు కుర్చీ ఉందండీ” అని చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళండి. ఇందులో నాకు రెండో అభిప్రాయం లేదు.

ఇదంతా పల్లెటూరి రగడ అనుకుంటారేమో, పైస్థాయిలోనూ అంతే. 2022లో మేడారం జాతరకు వెళ్ళినప్పుడు కలెక్టర్, ఎస్పీ రాలేదని అప్పటి తెలంగాణ గవర్నర్ తమిళిసై సౌందరరాజన్ బహిరంగంగానే అన్నారు. 2025 మేలో భారత ప్రధాన న్యాయమూర్తి అయ్యాక తొలిసారి ముంబై వెళ్ళిన బి.ఆర్. గవాయ్‌గారు, చీఫ్ సెక్రటరీ, డీజీపీ, నగర పోలీస్ కమిషనర్ ముగ్గురూ రాని సంగతి సభలోనే ప్రస్తావించారు. ఆ తర్వాత మహారాష్ట్ర ప్రభుత్వం ఆయన్ని శాశ్వత రాష్ట్ర అతిథిగా పరిగణించాలని ఉత్తర్వులిచ్చింది. ఇక మన హైదరాబాద్ చరిత్రకి ఇది కొత్తేం కాదు. ఆసఫ్ జాహీల దర్బారులో జంగ్, దౌలా, ముల్క్, ఉమ్రా, జాహ్ అని బిరుదులు మెట్లు మెట్లుగా ఉండేవి. ఇప్పుడు బిరుదులు పోయాయి, నేమ్‌ప్లేట్లు వచ్చాయి.

జెండా గురించి కూడా చాలామంది తికమక పడతారు కాబట్టి రెండు ముక్కలు. ఆగస్టు 15న రాజధానిలో ముఖ్యమంత్రి, జనవరి 26న గవర్నర్. ముఖ్యమంత్రులకు ఆగస్టు 15 హక్కు 1974లో వచ్చింది, అప్పటి తమిళనాడు ముఖ్యమంత్రి కరుణానిధి పట్టుబట్టి సాధించారు. మన జిల్లా కేంద్రాల్లో ఆగస్టు 15న మంత్రి, జనవరి 26న కలెక్టర్ ఎగరేస్తారు. రిపబ్లిక్ డే రోజు మంత్రిగారు జిల్లాలోనే ఉన్నా జెండా కలెక్టర్‌దే.

మీ కేసులో చూసుకోవాల్సినవి ఇంకో రెండు ఉన్నాయి. పంచాయతీకో మండల పరిషత్‌కో పదవీకాలం ముగిసి ప్రత్యేక అధికారి పాలన నడుస్తుంటే మాజీ సర్పంచ్, మాజీ ఎంపీపీ పేర్లు రాతి మీదికి రావు. భవనం కట్టించింది నేనే కదా అని వాదిస్తారు, నిజమే కావొచ్చు, అయినా రావు. రెండోది, ఏ ఎన్నికకైనా కోడ్ వచ్చే సూచన ఉంటే తేదీ ఖరారు చేసేముందు కలెక్టరేట్‌లో ఎన్నికల సెక్షన్‌ని అడగండి. కోడ్ వచ్చాక మంత్రి చేత ప్రారంభోత్సవం కుదరదు, చెక్కించిన రాయి గోడకి ఆనించి గుడ్డ కప్పి పెట్టుకోవాల్సిందే.

ఇక ఈ వారం మీరు చేయాల్సింది: రేపే డీఎంహెచ్‌వో ఆఫీసుకి వెళ్ళి నోట్ ఫైల్ కదిలిందో లేదో చూడండి. మంత్రిగారి టూర్ ప్రోగ్రాం కాపీ, ఎంపీ, ఎమ్మెల్సీల పూర్తి పేర్లు కలెక్టరేట్ ప్రోటోకాల్ సెక్షన్‌లో తీసుకోండి. ఎమ్మెల్యేగారి దగ్గరికి కార్డు పట్టుకుని మీరే స్వయంగా వెళ్ళండి, అటెండర్‌ని పంపకండి. రాజ్యసభ సభ్యులెవరైనా తమ ఎంపీ నిధుల పనులకు మీ జిల్లాను ఎంచుకుని ఉన్నారేమో కూడా కనుక్కోండి, ఉంటే ఆయనా ఇరవై ఒకటో మెట్టే. ఏ జిల్లానో, ఏ నిధులతో కట్టారో ఇక్కడ రాస్తే శిలాఫలకం పాఠం నమూనా రాసి పెడతాను. పేర్లు మాత్రం రాయకండి, హోదాలు చాలు.